పొదుగు వేడి

మా వీధిలో అందరి ఇళ్ళలోనూ గడియారాలున్నాయి గానీ, నమ్ముకోదగ్గది మాత్రం ఆవిడొక్కతే. తెల్లవారుజామున నాలుగున్నరకి కొట్టం గొళ్ళెం తీసిన చప్పుడు, మళ్ళీ సాయంత్రం నాలుగున్నరకి అదే చప్పుడు. ఈ సంగతి జరిగేదాకా, ముప్పై నాలుగేళ్ళలో ఒక్క పూట అటూ ఇటూ కాలేదు. భర్త పోయిన రోజు కూడా సాయంత్రం పాలు పితికి, చేతులు కడుక్కుని, అప్పుడు కూర్చుని ఏడ్చింది. "మనకి ఏడుపొచ్చిందని ఆవులకేం తెలుస్తుంది తమ్ముడూ, పొదుగు బిగిసిపోతే వాటికి నొప్పి" అని మర్నాడు నాతో అంది. గడియారమ్మ అని ఆవిడకి పేరు పెట్టింది నేనే. వీధంతా అదే ఖాయం చేసింది.

నాది మందుల షాపు. ఆవిడ కొట్టానికీ నా షాపుకీ మధ్య ఒకటే గోడ. నా దగ్గరికి దగ్గుమందుకి వచ్చినవాళ్ళు పేడ వాసనకి ముక్కు మూసుకుంటారు. నాకు అలవాటైపోయింది. అంతకంటే ఎక్కువగా ఆవిడ నోరు అలవాటైంది. ఆవులతో మాట్లాడేటప్పుడు "ఏమ్మా, కాస్త జరుగు తల్లీ" అంటుంది. మనుషులతో అయితే "ఏం, కళ్ళు కనబడట్లేదా?" అంటుంది. పొట్టి మనిషి. మోచేతి నుంచి మణికట్టు దాకా చేతులు మాత్రం పొడుగాటి మగవాడికి అతికించవలసినవి. పితికి పితికి రెండు బొటనవేళ్ళ కణుపులూ ఉబ్బిపోయాయి. వాటికి రాసుకునే నొప్పుల మందు నా దగ్గరే కొంటుంది, ప్రతిసారీ నన్ను తిట్టే కొంటుంది.

శుభ్రం విషయంలో ఆవిడకి గర్వం ఉంది. రోజుకి రెండుసార్లు కొట్టం కడుగుతుంది. పన్నెండు ఆవులకీ పితికే ముందు గోరువెచ్చని నీళ్ళతో పొదుగు కడిగి, గుడ్డతో తుడుస్తుంది. "నా కొట్టంలో నేల మీద వడ్డించుకుని తినొచ్చు, నీ షాపు బల్ల మీద తినగలవా?" అని నన్ను ఎద్దేవా చేసేది. తినలేనని ఒప్పుకునేవాణ్ణి. పన్నెండు పొదుగులనీ తుడిచేది ఒకటే గుడ్డ అని నేను ఏళ్ళ తరబడి చూస్తూనే ఉన్నాను. మందులమ్మే వాణ్ణి, చదువుకున్న వాణ్ణి. ఒక్కసారీ నా బుర్రకి తట్టలేదు.

ఇప్పుడు ఆవిడ మాట ఒకటి చెప్పాలి. ఎందుకంటే ఈ కథంతా ఆ మాట మీదే నడిచింది. మనకి వేడి పాలంటే పొయ్యి మీద నుంచి దింపినవి. గడియారమ్మకి వేడి పాలంటే అప్పుడే పితికినవి, పొదుగు వేడి ఇంకా ఆరనివి. పొయ్యి మీదవి ఆవిడ లెక్కలో కాచిన పాలు. రోజూ సాయంత్రం నా గిన్నెలో పోస్తూ, "వేడిగా ఉన్నాయి, వెళ్ళగానే కాచుకో" అనేది.

"వేడిగా ఉన్నవాటిని మళ్ళీ కాచడమెందుకక్కా, గ్యాసు దండగ" అనేవాణ్ణి నేను.

"నీ తెలివి సీసాలో పోసి అమ్ముకో" అనేది ఆవిడ.

పదిహేనేళ్ళుగా ఇదే హాస్యం. నవ్వు రావడం ఎప్పుడో మానేసింది, అయినా ఇద్దరం మానలేదు.

ఆవిడకి ఒక్కతే కూతురు. కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని. ఆ పిల్ల ఏది చూసినా వంకర ఎక్కడుందా అని చూస్తుంది, అది వృత్తి దోషం. అల్లుడు ఓడ మీద మెకానిక్కు, ఏడాదిలో ఎనిమిది నెలలు నీళ్ళ మీదే ఉంటాడు కాబట్టి కూతురు తల్లి ఇంట్లోనే ఉంటోంది. వాళ్ళకి ఐదేళ్ళ కూతురు. నిలబడమంటే నిలబడదు, నడవమంటే గెంతుతుంది. అందుకని మిడత అని పిలుస్తాం.

మిడత రోజూ సాయంత్రం స్టీలు గ్లాసు పట్టుకుని కొట్టంలోకి వచ్చి, బోర్లించిన బకెట్టు మీద కూర్చునేది. ఎర్రావు మెత్తటిది, పిల్ల చెవి పట్టుకుని లాగినా ఊరుకుంటుంది. దాని పొదుగు నుంచి మొదటి ధార సరాసరి ఆ గ్లాసులోకే. నురగతో సహా గటగటా తాగి, తెల్ల మీసంతో నా షాపుకొచ్చి, "మామయ్యా, నేను ముసలాయన్ని, నాకు దగ్గుమందివ్వండి" అనేది. నేను కౌంటరు మీద నుంచి వంగి మీసం తుడిచేవాణ్ణి. అంటే నాకు తెలుసన్నమాట. రోజూ నా చేత్తోనే తుడిచాను.

ఆ ఏడాది ఎండలు ముదిరిన రోజుల్లో, ఒక సోమవారం మిడతకి కడుపునొప్పి వచ్చింది. మంగళవారం విరేచనాలు పట్టుకున్నాయి. బుధవారం పొద్దున, ఇళ్ళకి పాలు పోసి రాగానే, గడియారమ్మ పిల్లని భుజాన వేసుకుని నా షాపు మెట్టెక్కింది.

"రాత్రంతా పదిసార్లు పోయింది. కట్టేసే మందేదైనా ఇవ్వు తమ్ముడూ."

నా చెయ్యి అలవాటుగా వెనక అరలోకి వెళ్ళింది. సీసా పట్టుకుని ఇటు తిరిగేసరికి పిల్ల నడుముకి చుట్టిన తువ్వాలు మీద ఎర్రగా కనబడింది. సీసా అక్కడే పెట్టేశాను.

"ఇది కట్టేసేది కాదక్కా. ఆసుపత్రికి నడు."

"నడవడమేంటి, ఇంకాసేపట్లో కుడితి పెట్టాలి."

"కుడితి తర్వాత. ముందు పిల్ల!" అని అరిచాను. నేను ఆవిడ మీద అరవడం అదే మొదలు. ఆవిడ పిల్లతో సహా నా స్కూటరెక్కింది. కూతురు షాపు నుంచి నేరుగా అక్కడికే వచ్చింది.

పిల్లల వార్డులో డాక్టరమ్మ చిన్న వయసుదే, కళ్ళ కింద మాత్రం వయసు కనబడుతోంది. ఆ వారం విరేచనాల పిల్లలు చాలామంది వచ్చినట్టున్నారు. రాసుకుంటూనే వరుసగా అడుగుతోంది. నీళ్ళు ఎక్కడివి? ఫిల్టరువి. బయట తిండి? లేదు. మాంసం? తినదు. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా? లేదు.

"పాలు వేడిగానే ఇస్తున్నారా?"

"వేడిగానేనండి" అంది గడియారమ్మ, అవమానం జరిగినట్టు ముఖం పెట్టి. "ఒక్క నిమిషం కూడా చల్లారనివ్వను."

నేను పక్కనే నిలబడి ఉన్నాను. నిలబడి ఊరుకోవచ్చు కదా? "పాల విషయంలో ఈవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు డాక్టరుగారూ, అదే ఆవిడ వృత్తి" అన్నాను, పెద్ద మనిషిలా. డాక్టరమ్మ తల ఊపి, రాసుకుని, కాగితం తిప్పింది. సెలైను పెట్టారు. నెత్తురు పడుతోంది కాబట్టి సాయంత్రం ఆరింటికి యాంటీబయాటిక్ మొదలుపెడదామన్నారు. నాకూ సబబుగానే అనిపించింది.

మధ్యాహ్నానికి పిల్ల నిద్రపోయింది. కూతుర్ని దగ్గరుంచి గడియారమ్మ వెనక్కి వచ్చింది. నాలుగున్నరకి గొళ్ళెం చప్పుడైంది. ఐదు దాటాక రోజూలాగే గిన్నె పట్టుకుని వెళ్ళాను. పాలు అవసరమై కాదు, ఆవిణ్ణి ఒంటరిగా వదలబుద్ధి కాక. బోర్లించిన బకెట్టు ఖాళీగా ఉంది. దాని మీద స్టీలు గ్లాసు.

ఆవిడ ఐదో ఆవుని ముగించి లేచి, నా గిన్నెలో పోసింది. మనసెక్కడో ఉంది, మాట మాత్రం దానంతటదే వచ్చేసింది.

"వేడిగా ఉన్నాయి, వెళ్ళగానే కాచుకో."

నేను నోరు తెరిచాను, నా వంతు మాట అనడానికి. వేడిగా ఉన్నవాటిని మళ్ళీ కాచడమెందుకు... అక్కడ ఆగిపోయాను. నా గిన్నెలో నురగ చూశాను. బకెట్టు మీద గ్లాసు చూశాను. గిన్నె కింద పెట్టాను.

"అక్కా, పొద్దున డాక్టరమ్మతో వేడి పాలన్నావు. ఏ వేడి?"

"ఏ వేడేంటి? పొదుగు వేడి." అని, నా ముఖం చూసి ఆగింది. "ఆవిడ... పొయ్యి వేడి అనుకుందా?"

ఆర్నెల్ల కిందట మందుల షాపుల వాళ్ళకి ఒక శిక్షణ పెట్టారు. భోజనం తర్వాత క్లాసు కాబట్టి సగం నిద్రలో విన్నాను. పశువుల పేగుల్లో ఉండే ఒకరకం క్రిమి గురించి చెప్పారు. పశువుకి ఏమీ చెయ్యదు. పేడలో బయటికొచ్చి, పొదుగుకంటి, పచ్చిపాలలో పడితే మాత్రం పిల్లలకి నెత్తురు విరేచనాలవుతాయి, ఆ విషం కిడ్నీల దాకా పోతుంది. దీనికి మామూలు యాంటీబయాటిక్ ఇస్తే మేలు కంటే కీడు జరగొచ్చు, ఇచ్చేముందు ఆలోచించాలి అన్నారు. ఆ చివరి మాట ఇప్పుడు నా చెవిలో స్పష్టంగా వినబడింది. నా చేతి గడియారం ఐదూ ఇరవై చూపిస్తోంది.

కూతురికి ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. వార్డులో ఫోన్ల నోరు నొక్కేయమంటారు. మళ్ళీ చేశాను. ఆసుపత్రి నంబరుకి చేస్తే ఎవరో ఎత్తి, లైన్లో ఉండమని, తర్వాత ఎవరూ మాట్లాడలేదు.

"నడు, వెళ్ళి చెబుదాం" అన్నాను.

గడియారమ్మ కదల్లేదు. ఎర్రావు పక్కటెముకల మీద చెయ్యి వేసి నిలబడింది. "అమ్మాయి అక్కడే ఉంటుంది కదా" అంది మెల్లిగా. "డాక్టరమ్మకి విడిగా చెప్పడం కుదురుతుందా?"

నాకు అర్థం కాలేదు. అర్థం చేసుకునే ఓపికా లేదు. "ఆరింటికి మందు పడుతుందక్కా!" అన్నాను.

ఆవిడ చేతిలో తుడిచే గుడ్డ ఉంది. దాన్ని ఒకసారి చూసి, కుడితి తొట్టి పక్కన పడేసింది. ఇంకా ఏడు ఆవులు పితకాల్సినవి ఉన్నాయి. పాలు చేపుకు వచ్చి, చన్నుల నుంచి బొట్లు కారుతున్న ఆవు ఒకటి మెడ తిప్పి ఆవిడ వంక చూసి అరిచింది. ముప్పై నాలుగేళ్ళలో మొదటిసారి ఆ అరుపు విని కూడా గడియారమ్మ తలుపు దగ్గరగా వేసి బయటికొచ్చింది.

రైలు గేటు పడింది. పడక ఏం చేస్తుంది, మా ఖర్మ! గూడ్సు బండి. పెట్టెలు ఎన్నున్నాయో నేను లెక్కపెట్టలేదు గానీ, నా వెనక కూర్చున్న ఆవిడ గొణుగుతూ ప్రతి పెట్టెనీ తిట్టింది. గేటు ఎత్తాక ఆసుపత్రి దాకా నేను స్కూటరు ఎలా నడిపానో నాకు గుర్తులేదు. వార్డులోకి అడుగుపెట్టేసరికి ఆరూ పది.

నర్సు మిడత మంచం దగ్గర్నుంచి ఖాళీ సిరంజి ఉన్న ట్రే పట్టుకుని ఎదురొచ్చింది.

"ఇచ్చేశారా?" అన్నాను.

"టైముకే ఇచ్చాం" అంది నర్సు.

టైముకే. ఆ మాట విని గడియారమ్మ గోడ పట్టుకుంది.

డాక్టరమ్మని పిలిచారు. కూతురు మంచం అంచున కూర్చుని పిల్ల పాదాలు రాస్తోంది. గడియారమ్మ డాక్టరమ్మని పక్కకి రమ్మనలేదు. అక్కడే, కూతురి ముందే చెప్పింది.

"పొద్దున నేను వేడి పాలన్నానండి. అవి పొయ్యి మీదవి కాదు. పొదుగులోవి. రోజూ సాయంత్రం పచ్చివే పట్టాను."

డాక్టరమ్మ పెన్ను ఆగింది. ఒక్క క్షణం నన్ను చూసింది, పాల విషయంలో ఈవిడకి చెప్పక్కర్లేదన్న నన్ను. సిగ్గుతో చచ్చిపోయాను. తర్వాత ఆవిడ ఎవర్నీ తిట్టకుండా పనిలో పడింది. యాంటీబయాటిక్ ఆపమంది. ఆ క్రిమి విషం కోసం వేరే పరీక్ష రాసింది. రక్తం తీయించింది. పిల్ల పోసే ప్రతి చుక్క మూత్రాన్నీ కొలవమంది.

అప్పుడు కూతురు లేచింది. గొంతు పెంచలేదు.

"నేనెప్పుడో చెప్పాను కదమ్మా, దానికి పచ్చివి పట్టకు, కాచి ఇవ్వు అని. నువ్వేమన్నావు?"

"వేడిగానే ఇస్తున్నానన్నాను."

"నేను కాచినవే అనుకుంటానని తెలిసే అన్నావా?"

గడియారమ్మకి అబద్ధం ఆడే దారి ఇంకా మూసుకుపోలేదు. "నా భాషలో వేడి పాలంటే అవే" అని అనేయొచ్చు, నేను సాక్ష్యం చెప్పేవాణ్ణి కూడా.

"తెలిసే అన్నాను" అంది.

కూతురు మళ్ళీ మంచం అంచున కూర్చుని పాదాలు రాయడం మొదలుపెట్టింది. ఆ తర్వాత తొమ్మిది రోజులు తల్లితో మాట్లాడలేదు.

మేం వెనక్కి వచ్చేసరికి కొట్టంలో ఆవుల అరుపులకి వీధి వీధంతా బయటికొచ్చి నిలబడింది. ఆవిడ ఏడుస్తూనే ఏడింటినీ పితికింది. పాలన్నీ కాలవలో పోసింది. మర్నాడు పొద్దున క్యాను తీసుకుని కాదు, ఖాళీ చేతులతో ఇల్లిల్లూ తిరిగింది. ముప్పై ఒక్క గుమ్మాలు. ప్రతి గుమ్మంలోనూ ఒకటే మాట. "నా మనవరాలికి పచ్చిపాలు పట్టి ఆసుపత్రిలో పడేశాను. మీ ఇంట్లో ఎవరైనా కాచకుండా తాగారా? కడుపులో ఎలా ఉంది?" కొందరు జాలిపడ్డారు. కొందరు అక్కడికక్కడే పాలు మానేశారు. ఒకావిడ తలుపు ముఖం మీదే వేసింది. గడియారమ్మ మళ్ళీ తలుపు తట్టి, "తిట్టండి, ఫరవాలేదు, పిల్లాడికెలా ఉందో చెప్పండి" అని అడిగింది. అదృష్టం బాగుండి, అందరూ కాచుకునే తాగుతున్నారు. రోజూ ఆవిడే చెప్పేది కదా, కాచుకోమని!

పశువుల డాక్టరు వచ్చి పన్నెండింటి పేడా సీసాల్లో పట్టుకెళ్ళాడు. మూడింట్లో ఆ క్రిమి ఉంది. వాటిలో ఎర్రావు ఒకటి.

"ఇంత నిక్షేపంగా ఉందే! మేత మానలేదు, పాలు తగ్గలేదు" అంది గడియారమ్మ, ఎవరో మోసం చేసినట్టు.

"దానికేం కాదమ్మా. దాని కడుపులో అది చుట్టంలా కాపురముంటుంది. మన కడుపులోకొస్తేనే ఇల్లు తగలబెడుతుంది. కళ్ళతో చూసి పోల్చుకోలేం, పాలు కాచడం ఒక్కటే మనకి తెలిసిన దారి" అని, ఆయన తుడిచే గుడ్డ వంక చూసి, "ఇకనుంచి ఏ ఆవుకి ఆ గుడ్డ" అన్నాడు.

శనివారానికి విరేచనాలు తగ్గాయి. మేమంతా గండం గడిచిందనుకున్నాం. ఆదివారం పొద్దునకి మిడత ముఖం సున్నం కొట్టినట్టు పాలిపోయింది. కళ్ళు ఉబ్బాయి. మూత్రం ఆగిపోయింది. డాక్టరమ్మ ముందునుంచీ దీనికోసమే కాపలా కాస్తోంది కాబట్టి, గంటలో అంబులెన్సు మాట్లాడి, పిల్లల కిడ్నీ యంత్రం ఉన్న పెద్ద ఆసుపత్రికి పంపింది. ఆ ఒక్క డోసు వల్ల ఇలా అయిందా అని నేను అడిగాను. "జబ్బే ఇలా ముదురుతుంది, డోసు వల్ల కూడా కావచ్చు. ఎవరూ చెప్పలేరు" అంది. "కానీ మీరు బుధవారం వచ్చి చెప్పకపోతే, విరేచనాలు తగ్గాయని నేను నిన్ననే ఇంటికి పంపేసేదాన్ని."

ఇప్పటికీ ఆ రెండు మాటల్లో ఏది పట్టుకోవాలో నాకు తెలీదు.

పెద్ద ఆసుపత్రిలో మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. కూతురు లోపల, మేమిద్దరం బయట బల్ల మీద. గాజు తలుపు లోంచి యంత్రం చక్రం తిరగడం కనబడేది. గడియారమ్మ పొద్దున పితికి రావడం, సాయంత్రం పితకడానికి వెళ్ళడం, మళ్ళీ రావడం. వచ్చినప్పుడల్లా నర్సుని ఒకటే అడిగేది. "పోసిందా?" నర్సు తల అడ్డంగా ఊపేది.

నాలుగో రోజున నా వైపు చూడకుండా అంది. "ఆ రోజు డాక్టరమ్మ దగ్గర నేను కావాలని అనలేదు తమ్ముడూ. అలవాటుగా వచ్చేసింది. కానీ ఆ అలవాటు చేసుకుంది అమ్మాయిని ఏమార్చడానికే. పిల్ల పచ్చివే ఇష్టపడేది. నురగ మీసం చూస్తే నాకు సంబరంగా ఉండేది. అబద్ధమాడినట్టూ ఉండదు, పిల్ల ముచ్చటా తీరుతుంది అనుకున్నాను."

"ఆ మీసం రోజూ తుడిచింది నేనే అక్కా" అన్నాను. ఇద్దరం గాజు తలుపు వంక చూస్తూ కూర్చున్నాం.

ఆరో రోజు మధ్యాహ్నం నర్సు ఒక చిన్న కొలపాత్ర పట్టుకుని తలుపు తోసుకుని వచ్చింది. వెనకే కూతురు. అడుగున ముదురు పసుపు రంగులో కొంచెం.

"ముప్పై మిల్లీలీటర్లు" అంది నర్సు.

పొద్దునా సాయంత్రం లీటర్లకి లీటర్లు కొలిచిన మనిషి, ఆ పాత్ర రెండు చేతులా అందుకుని, గీత దగ్గరికి కళ్ళు తెచ్చి చూసింది. "ముప్పై రెండుంది, సరిగ్గా చూడు" అంది నర్సుతో, ఏడుస్తూ. కూతురు ఆ మాటకి నవ్వబోయి, తల్లి భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది.

మిడత ఇంటికొచ్చి మూడేళ్ళయింది. ఆర్నెల్లకోసారి రక్తం పరీక్ష, కిడ్నీలు చూపించుకోవడం, ఉప్పు తగ్గించడం. గెంతడం మాత్రం తగ్గలేదు. కూతురు తల్లితో మామూలుగానే ఉంటుంది, నవ్వుతుంది, పోట్లాడుతుంది. ఒక్క పాల దగ్గరే మాట నమ్మదు. గడియారమ్మా నమ్మమని అడగదు. కొట్టం పక్క గదిలో పొయ్యి పెట్టింది. సాయంత్రం పాలు పొంగించి, ఆరనిచ్చి, గ్లాసులో పోసే ముందు, నాలుగడుగుల దూరంలో కూర్చున్న కూతురి దగ్గరికి గిన్నె తీసుకెళ్తుంది. మూత తీసి, పైన కట్టిన మీగడ వేలితో కొంచెం పక్కకి జరిపి చూపిస్తుంది. కూతురు చూసి తల ఊపాకే మిడతకి గ్లాసు అందుతుంది. చూపించమని కూతురు ఒక్కసారి కూడా అడగలేదు. చూపించకుండా ఈవిడ ఒక్కసారి కూడా ఇవ్వలేదు.